మోటార్‌సైకిల్ చైన్ గార్డు ఉంచాలా, తీసేయాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

చైన్ గార్డు గురించి అడిగేవారు సాధారణంగా రెండు రకాలు. బండి నాజూకుగా కనబడాలని గార్డు తీసేయదలచినవారు కొందరు. సర్వీసులో విప్పిన కవరును మళ్లీ బిగించలేదని ఇంటికి వచ్చాక గమనించి కంగారుపడేవారు మరికొందరు. ఇద్దరి సందేహాలూ చివరికి అవే కావడంతో వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పూర్తి కవరు ఉండాలా, సగం గార్డు చాలా అన్నది బండి తిరిగే దారులను బట్టి ఎవరికి వారు తేల్చుకోవచ్చు. ఏదీ లేకుండా రోడ్డెక్కడానికి మాత్రం నాకు ఇంతవరకు సరైన కారణం కనబడలేదు.

## తీయాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

చైన్ గార్డు అసలు దేనికి? చైన్‌కు దుమ్ము పట్టకుండా ఉండడానికేనా?

దుమ్ము నుంచి కాపాడటం పూర్తి కవరు చేసే పని. పైభాగాన్ని మాత్రమే కప్పే సగం గార్డు చైన్‌ను పెద్దగా కాపాడదు, మనుషులను కాపాడుతుంది. వెనక కూర్చున్నవారి కాలు, వేలాడే బట్ట, బూటు లేసు, బండి పక్కన నిలబడిన పిల్లల వేళ్లు చైన్‌కూ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లకూ మధ్యకు పోకుండా అడ్డుపడటం దాని మొదటి పని. చైన్ నుంచి చిమ్మే నూనె కాలి మీదా సీటు కిందా పడకుండా ఆపడం రెండో పని.

చైన్ ఎంత వేగంగా కదులుతుందో చాలామందికి అంచనా ఉండదు. 428 సైజు చైన్‌లో ఒక పిన్నుకూ తరువాతి పిన్నుకూ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు. వెనక స్ప్రాకెట్‌కు 42 పళ్లు ఉంటే చక్రం ఒకసారి తిరిగేసరికి అర మీటరుకు పైగా చైన్ సాగిపోతుంది. చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు నాలుగున్నర మీటర్లకు పైగా చైన్ మీ మడమ పక్క నుంచి పోతూ ఉంటుంది. గార్డు ఆ పరుగుకూ మీ కాలికీ మధ్య ఉండే గోడ.

పూర్తి కవరుకూ సగం గార్డుకూ తేడా ఏమిటి? ఏది మంచిది?

పూర్తి కవరు రెండు ముక్కలుగా ఉండి ముందు స్ప్రాకెట్ దగ్గర నుంచి వెనక స్ప్రాకెట్ చివరిదాకా చైన్‌ను మూసేస్తుంది. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్‌కు ఇలాంటి కవరే ఉండేది. తూర్పు జర్మనీలో తయారైన ఎంజెడ్ బళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి, పై వరుసకు ఒకటి, కింది వరుసకు ఒకటి చొప్పున ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టాలలోంచి చైన్‌ను నడిపించాయి. నీళ్లు, ఇసుక చేరని చైన్ ఎంత నెమ్మదిగా అరుగుతుందో ఆ బళ్లు నడిపినవారికి తెలుసు.

రోజూ దుమ్ములోనూ వానలోనూ తిరుగుతూ, చైన్‌కు నూనె వేయడం తరచుగా మరచిపోయేవారికి పూర్తి కవరే మేలు. దాని లోపం కూడా అక్కడే ఉంది. చైన్ కంటికి కనబడదు కాబట్టి ఎండిపోయినా, సాగిపోయినా, ఒక లింకు బిగుసుకుపోయినా చప్పుడు వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. నూనె వేయడం, తుడవడం సొంతంగా చేసుకునేవారికి, ఓ-రింగ్ చైన్ (లింకుల్లో నూనె నిలిచేలా రబ్బరు సీళ్లున్న చైన్) ఉన్న బళ్లకు సగం గార్డు సరిపోతుంది.

తీసేస్తే బండి తేలికై వేగం గాని మైలేజీ గాని పెరుగుతుందా?

పెరగదు. ప్లాస్టిక్ సగం గార్డు బరువు కొన్ని వందల గ్రాములకు మించదు. రేకుతో చేసిన పూర్తి కవరు దానికంటే బరువే గాని, ట్యాంకులో పెట్రోలు ఒకటి రెండు లీటర్లు అటూ ఇటూ అయితే వచ్చే తేడా కూడా అంతే. చైన్ సరైన లూజులో ఉండి, నూనె ఉండి, టైర్లలో గాలి సరిగా ఉంటే కలిగే లాభంతో దీన్ని పోల్చడానికే లేదు.

రేసు బళ్లకు గార్డు ఉండదు కదా, మరి నాకెందుకు?

రేసు బండిని కొంచెం వంగి చూడండి. పైన ఉండే గార్డు లేకపోయినా, వెనక స్ప్రాకెట్‌కు కింద, చైన్ పళ్లలోకి దూరే చోట సొరచేప రెక్క ఆకారంలో ఒక పలక ఉంటుంది. కింది వరుస చైన్‌కూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య చెయ్యో కాలో ఇరుక్కోకుండా గార్డు అమర్చాలని అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య రేసు నిబంధనలే చెబుతున్నాయి. ప్రతి గ్రామునూ లెక్కపెట్టే చోట కూడా ఆ పలకను వదలలేదంటే అక్కడి ప్రమాదం ఎలాంటిదో ఊహించవచ్చు.

పైగా రేసులో బండి వెనక ఎవరూ కూర్చోరు. నడిపేవారి ఒంటి మీద వేలాడే బట్ట ఉండదు. ఒంటికి అతుక్కున్న తోలు దుస్తులు, మడమ దాకా బిగించిన బూట్లు ఉంటాయి. ఈ షరతులన్నీ మీ రోజువారీ ప్రయాణంలో ఉంటే ఆ పోలిక గురించి మాట్లాడుకోవచ్చు.

నా వెనక ఎవరో ఎప్పుడో గాని కూర్చోరు. అయినా అవసరమేనా?

ఎప్పుడో గాని కూర్చోనివారికే అవసరం ఎక్కువ. రోజూ కూర్చునేవారికి కాలు ఎక్కడ పెట్టాలో, బట్ట ఎలా సర్దుకోవాలో అలవాటుగా తెలిసి ఉంటుంది. కొత్తగా ఎక్కినవారు ఫుట్‌రెస్టు కోసం కాలితో తడుముతారు, ఆ తడుములాటలో మడమ నేరుగా చైన్ వైపే వెళుతుంది.

బట్ట చిక్కుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. చైన్ బట్టను కోసేయదు, చుట్టుకుంటుంది. ఒక పన్ను అంచును పట్టుకుంటే తరువాతి పన్ను ఇంకాస్త లాగుతుంది. నడిపేవారికి విషయం తెలిసి యాక్సిలరేటర్ వదిలేలోపే రెండు మూడు మీటర్ల బట్ట లోపలికి పోతుంది. దాని రెండో కొస మనిషి ఒంటి మీద ఉంటుంది. 1927 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో, మెడలోని పొడవాటి కండువా కారు చక్రానికి చుట్టుకుని నర్తకి ఇసడోరా డంకన్ ప్రాణం పోయింది ఇలాగే. అక్కడ కారు వెనక చక్రం చేసిన పనిని ఇక్కడ చైన్ చేస్తుంది.

తీసేస్తే చైన్ శుభ్రం చేయడం తేలికనీ, అందువల్ల ఎక్కువ కాలం వస్తుందనీ అంటారు. నిజమేనా?

ఇందులో సగం నిజం ఉంది. కవరు లేకపోతే శుభ్రం చేయడం తేలిక, అందులో సందేహం లేదు. కాని పూర్తి కవరుతో వచ్చిన బళ్లలో సాధారణంగా సీలు లేని మామూలు చైన్ వేస్తారు. కవరు ఉంటుందన్న ధీమాతోనే ఆ చైన్‌ను ఎంచుకుంటారు. కవరు తీసేస్తే నూనె మీద ఇసుక అంటుకుని సానపట్టే ముద్దలా తయారవుతుంది, ఒక వాన పడితే ఉన్న నూనె కాస్తా కొట్టుకుపోతుంది. అలాంటి చైన్‌కు వారం వారం సేవ చేసే ఓపిక ఉంటేనే ఎక్కువ కాలం వస్తుందన్న మాట నిలబడుతుంది. ఆ ఓపిక ఎందరికి ఉంటుందన్నది నా అనుమానం.

సగం గార్డు తీసినా ఉంచినా చైన్ ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాదు. అక్కడ లాభనష్టాలు చైన్‌వి కావు, కాళ్లవి.

గార్డు లేకపోతే చట్టం ఒప్పుకుంటుందా?

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా వాహనం ఏ భాగాలతో ఆమోదం పొందిందో ఆ భాగాలతోనే రోడ్డు మీద ఉండాలన్నది ఎక్కువ చోట్ల వర్తించే సూత్రం. మీ ప్రాంతపు వాహన నిబంధనలు, బీమా పత్రంలో మార్పులకు సంబంధించిన షరతులు చదివాకే పానా చేతిలోకి తీసుకోండి.

## విప్పేటప్పుడు, శుభ్రం చేసేటప్పుడు

చైన్ లూజు చూడటానికి ప్రతిసారీ కవరు విప్పాలా?

అవసరం లేదు. పూర్తి కవరు కింది భాగంలో, దాదాపు మధ్యలో, రబ్బరు మూత ఒకటి ఉంటుంది. దాన్ని గోటితో లాగి, లోపలికి వేలు గాని స్క్రూడ్రైవర్ పిడి గాని పెట్టి చైన్‌ను పైకీ కిందికీ కదిలించి చూడవచ్చు. ఈ పని ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాకే చేయాలి. మామూలు రోడ్డు బళ్లకు ఈ కదలిక సుమారు 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఒక చోట చూసి వదిలేయకుండా చక్రాన్ని పావు వంతు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. చైన్ అంతటా ఒకేలా సాగదు, ఎక్కువ బిగువుగా ఉన్న చోటు కొలతే లెక్కలోకి వస్తుంది.

గార్డు విప్పేటప్పుడు ఏం పోతే మళ్లీ ఇబ్బంది పడతాం?

పోయేది ఎప్పుడూ ఇనుప బుష్షే. ప్లాస్టిక్ గార్డు బోల్టు రంధ్రంలో చిన్న ఇనుప గొట్టం ముక్క, దాని చుట్టూ రబ్బరు వాషరు ఉంటాయి. బోల్టు బిగించినప్పుడు ఒత్తిడి ప్లాస్టిక్ మీద కాకుండా ఆ ఇనుము మీద పడాలి. బోల్టు తీయగానే అది జారి కింద పడుతుంది, చప్పుడు కూడా చేయదు. అది లేకుండా బిగిస్తే ప్లాస్టిక్ నలిగి, కొన్నాళ్లకు రంధ్రం దగ్గర గీతలా చీలుతుంది. అందుకే బండి కింద లేత రంగు గుడ్డ పరచి విప్పండి, తీసిన వరుసలోనే ముక్కలను పక్కన పేర్చండి.

తుప్పు పట్టిన బోల్టుతో కుస్తీ పట్టవద్దు. తుప్పు వదిలించే నూనె చల్లి పావుగంట ఆగండి. కొన్ని బళ్లలో చైన్ లూజు, టైరు గాలి అంకెలున్న కాగితం గార్డు మీదే అతికించి ఉంటుంది. గార్డును అటకెక్కించేముందు దాన్ని ఫోటో తీసుకోండి.

గార్డు తీసి, సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ నడుస్తుండగా గేరులో పెట్టి తుడిస్తే పని త్వరగా అవుతుంది. తప్పేముంది?

ఈ మొత్తం పేజీలో ఒక్క జవాబే చదివేవారుంటే వారు ఇది చదవాలని కోరుకుంటాను. చైన్ దగ్గర వేళ్లు పోగొట్టుకోవడానికి బండి రోడ్డు మీద ఉండనక్కరలేదు. ఇంటి ముందు, తీరిగ్గా, గుడ్డ చేతిలో పట్టుకుని చైన్ తుడుస్తున్నప్పుడే ఆ ప్రమాదం పొంచి ఉంటుంది.

మొదటి గేరులో యాక్సిలరేటర్ తిప్పకపోయినా చైన్ సెకనుకు సుమారు ఒక అడుగు కదులుతుంది. చూడటానికి అది నెమ్మదిగానే ఉంటుంది, మోసం చేసేది కూడా ఆ నెమ్మదే. గుడ్డ అంచు ఒక లింకులో చిక్కితే అది స్ప్రాకెట్ చేరడానికి అర సెకను కూడా పట్టదు. గుడ్డను వదిలేయాలని మెదడు చెప్పేలోపే వేలు పళ్ల మధ్య ఉంటుంది. వెనకాల ఇంజిన్ బలం ఉంది కాబట్టి వేలు అడ్డుపడిందని చైన్ ఆగదు. న్యూట్రల్‌లో ఉంది కదా అనుకోవడం కూడా పొరపాటే. ఇంజిన్ నడుస్తుంటే లోపలి నూనె జిగట వల్ల చాలా బళ్లలో వెనక చక్రం మెల్లగా తిరుగుతూనే ఉంటుంది.

నేను ఇంజిన్ ఆపే చేశాను, అయినా దెబ్బ తప్పలేదు. ఎడమ చేత్తో చక్రాన్ని ముందుకు తిప్పుతూ, కుడి చేత్తో పాత బనియను గుడ్డతో కింది వరుస తుడుస్తున్నాను. గుడ్డ అంచున ఊడిన దారం ఒకటి లింకులో పడింది. దాని వెంట గుడ్డ, గుడ్డ వెంట చూపుడు వేలి కొస. చక్రం తిప్పుతున్నది నా చెయ్యే కాబట్టి వెంటనే ఆగింది, వేలు వెనక్కి తీసుకోవడానికి చక్రాన్ని అదే చేత్తో వెనక్కి తిప్పాను. గోరు మూడు వారాలు నల్లగా ఉండి ఊడిపోయింది. అదే గేరులో ఉన్న ఇంజిన్ అయి ఉంటే ఊడేది గోరు కాదు.

మరి చక్రాన్ని చేత్తో ఏ వైపు తిప్పాలి?

వెనక్కి, అంటే బండి వెనక్కి నడిచే దిశలో. ముందుకు తిప్పినప్పుడు కింది వరుస చైన్ వెనక స్ప్రాకెట్‌లోకి దూరుతుంది, గుడ్డను కూడా అటే లాగుతుంది. వెనక్కి తిప్పితే అదే కింది వరుస వెనక స్ప్రాకెట్ నుంచి బయటికి వస్తుంది, గుడ్డ పళ్లకు దూరంగా జరుగుతుంది. అప్పుడు పై వరుస వెనక స్ప్రాకెట్‌లోకి దూరుతుంది కాబట్టి చెయ్యి కింది వరుస దగ్గరే, వెనక స్ప్రాకెట్‌కు కాస్త ముందుగానే ఉండాలి. ఇంకా నిశ్చింతగా చేయాలంటే చక్రం ఆగి ఉండగా ఒక జానెడు చైన్ తుడిచి, చెయ్యి తీసి, చక్రం తిప్పి, మళ్లీ తుడవండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

కిరసనాయిలుతో కడగాలా, పెట్రోలుతోనా?

కిరసనాయిలు గాని చైన్ క్లీనరు గాని వాడండి. పెట్రోలు ఓ-రింగ్ చైన్‌లోని రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇనుప తీగల బ్రష్షు కూడా సీళ్లను కోస్తుంది, మెత్తని బ్రష్షు చాలు. విప్పిన గార్డు లోపలి వైపు పేరుకున్న నల్లటి ముద్దను కూడా గీకి తీయండి, లేకపోతే శుభ్రమైన చైన్ మీద అదే మళ్లీ పడుతుంది.

## గార్డు లేకుండా తిరుగుతున్నప్పుడు

రిమ్ము మీద, ప్యాంటు మీద నల్లటి చుక్కలు పడుతున్నాయి. గార్డు లేకపోవడం వల్లేనా?

కొంత గార్డు లేకపోవడం వల్ల, ఎక్కువ భాగం నూనె ఎక్కువ కావడం వల్ల. చైన్ స్ప్రాకెట్ చుట్టూ మలుపు తిరిగేటప్పుడు పైపైన ఉన్న నూనె విసురుగా చిమ్ముతుంది. గార్డు ఉంటే అది లోపలి వైపు అంటుకుని ఆగుతుంది. ప్యాంటు సంగతి అలా ఉంచితే, ఆ నూనె టైరు పక్కభాగానికి చేరడం ప్రమాదం, ఎందుకంటే మలుపులో బండి వంగినప్పుడు నేలను తాకేది ఆ అంచే. బండి నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు కింది వరుస లోపలి వైపు పలుచగా నూనె వేసి, కొంతసేపు ఆగి, పైన మిగిలినదాన్ని పొడి గుడ్డతో తుడిచేయండి. వేసినంతా చైన్ మీదే ఉండాలని చూడటం వృథా. పిన్నుల మధ్యకు దిగినదే పనికొస్తుంది.

చైన్ తెగితే గార్డు ఆపుతుందా?

పూర్తిగా ఆపలేదు. వేగంగా పోతుండగా తెగిన చైన్ కొరడాలా విసురుకుంటుంది. ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుంటే ఇంజిన్ కేసును పగలగొట్టగలదు, వెనక చక్రాన్ని బిగించేయగలదు. ప్లాస్టిక్ గార్డు అంత దెబ్బకు నిలబడదు గాని, పైకి లేచే కొసను కాలి వైపు రాకుండా కొంత మళ్లిస్తుంది. చైన్ తెగకుండా చూసుకోవడమే అసలు రక్షణ. వెనక స్ప్రాకెట్ చివరి అంచు దగ్గర చైన్‌ను వెనక్కి లాగి చూడండి. పన్ను సగానికి పైగా బయటపడితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చే సమయం వచ్చినట్టే.

బురద దారుల్లో గార్డులో మట్టి గడ్డకట్టి చైన్ పట్టేస్తోంది. అప్పుడైనా తీయవచ్చా?

జిగురు మట్టిలో పూర్తి కవరు నిజంగానే ఇబ్బంది. లోపలికి పోయిన మట్టికి బయటికి దారి ఉండదు. అలాంటి దారుల్లోనే ఎక్కువగా తిరిగేవారు పూర్తి కవరు బదులు కింద తెరచి ఉండే సగం గార్డు వేయించుకోవడం సబబు. ఎప్పుడో ఒకసారి అయితే కవరు కింద ఉండే నీరు పోయే రంధ్రాలను పుల్లతో పొడిచి తెరిచి, నీళ్లతో కడిగితే సరిపోతుంది.

## తిరిగి బిగించేటప్పుడు, కొత్తది వేయించేటప్పుడు

కవరు బిగించాక లోపలి నుంచి గరగరమని చప్పుడు వస్తోంది. కవరు సొట్ట పడిందా?

కావచ్చు, కాని ముందు చైన్ లూజు చూడండి. లూజు ఎక్కువైన చైన్ ఊగి కవరును రాసుకుంటుంది. ఎత్తుపల్లాల మీద మాత్రమే చప్పుడు వస్తే కారణం దాదాపు ఎప్పుడూ అదే. కవరు విప్పి లోపలి వైపు చూస్తే రాసుకున్న చోట రంగు పోయి మెరిసే గీత కనబడుతుంది. గీత మధ్యలో ఉంటే చైన్ లూజు, బోల్టు దగ్గర ఒకే చోట ఉంటే సొట్ట. చైన్‌తో సంబంధం లేకుండా ఇంజిన్ వేగంతో పాటు మారే సన్నటి గలగల వినిపిస్తే రబ్బరు వాషరు లేకుండా బిగించారని అర్థం.

ప్లాస్టిక్ గార్డు బోల్టు దగ్గర విరిగింది. వైరుతో కట్టి నడపవచ్చా?

వద్దు. గార్డు లేకపోవడం కంటే వేలాడే గార్డు ప్రమాదకరం, ఎందుకంటే అది చైన్ మీదికి వంగితే స్ప్రాకెట్ దాన్ని లోపలికి లాగేసుకుంటుంది. విరిగినదాన్ని పూర్తిగా తీసేసి, కొత్తది వేయించేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

వెనక స్ప్రాకెట్ పెద్దది వేయించాను. పాత గార్డే పనికొస్తుందా?

ఒకటి రెండు పళ్లు పెరిగితే చాలా బళ్లలో సరిపోతుంది, కాని చూసుకోకుండా నమ్మకండి. గార్డును స్వింగ్ ఆర్మ్‌కే (వెనక చక్రాన్ని పట్టుకుని దానితో పాటు పైకీ కిందికీ కదిలే చట్రం) బిగిస్తారు కాబట్టి బండి గుంతలో దిగినా లేచినా గార్డుకూ స్ప్రాకెట్‌కూ మధ్య సందు మారదు. అందువల్ల బండి ఆగి ఉన్నప్పుడు చక్రాన్ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలకుండా వేలి మందం సందు ఉందో లేదో కంటితో చూస్తే చాలు. ఆ సందులో వేలు మాత్రం పెట్టకండి.

అల్యూమినియం, కార్బన్ ఫైబర్ గార్డులు కంపెనీ గార్డు కంటే మంచివా?

చూడటానికి బాగుంటాయి, గట్టిగానూ ఉంటాయి. కొనేటప్పుడు మెరుపు కంటే వెడల్పు చూడండి. అలంకారానికి చేసిన కొన్ని గార్డులు చైన్ పైభాగాన్ని మాత్రమే సన్నగా కప్పి, బయటి పక్కను తెరచి ఉంచుతాయి. మడమ తగిలేది బయటి పక్కనే. అంచులు కోసేలా ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి, బోల్టు రంధ్రాలు మీ బండివాటితో కలవాలి.

మా బండికి చైన్ బదులు బెల్టు ఉంది. దానికీ గార్డు కావాలా?

కావాలి. బెల్టుకూ చక్రం కప్పీకీ మధ్య చిన్న రాయి పడితే బెల్టు చిల్లు పడుతుంది, అందుకే బెల్టు బళ్లలో కింది వైపు కూడా గార్డు పెడతారు. నూనె లేదు కాబట్టి వేలు పెట్టవచ్చనుకోకండి, నలిపే గుణం దానికీ ఉంది.

కొత్త గార్డు దొరకడానికి వారం పడుతుందన్నారు. అప్పటిదాకా బండి తీయవచ్చా?

తప్పనిసరైతే ఒంటరిగా, తక్కువ దూరం. ప్యాంటు అంచు మడిచి బిగించుకోండి, లేసులు బూటు లోపలికి దోపండి, చైన్ ఉన్న వైపు సంచి తగిలించకండి. ఆగినప్పుడు పిల్లలు చక్రం దగ్గరికి రాకుండా చూడండి, వారి చేతులు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. వారం తరువాత గార్డు వచ్చిందని ఫోను వస్తే ఆ రోజే వెళ్లి బిగించుకోండి. ఏడు రోజులు ఏమీ కాలేదు కదా అని ఎనిమిదో రోజు వాయిదా వేసినవారి బళ్లకు ఏడాది తరువాత కూడా గార్డు లేకపోవడం చూశాను.